ఆటకట్టు లేని యాట

ఆన్‌లైను ఆటలనుగూర్చి మన యిండ్లలో జరుగుచున్న వాదము చాలవరకు ఒక్క ప్రశ్నతోనే మొదలై ఆ ప్రశ్నతోనే ముగియుచున్నది. "ఏమున్నదిరా అందులో?" అని తండ్రి యడుగును. కొడుకు బదులు చెప్పడు. తండ్రి యా మౌనమును పొగరుగా నెంచును. తల్లి దానిని జబ్బుగా నెంచి భయపడును. పొరుగువారు పెంపకపు లోపముగా నెంచి లోలోన సంతోషింతురు. మాకు తోచినంతవరకు ఆ బాలుడు బదులు చెప్పకుండుటకు కారణము వేరు. తన్ను కట్టివేసిన త్రాడు తెరపై కనబడెడి బొమ్మలలో లేదు. అది యెక్కడనున్నదో వానికిని స్పష్టముగ తెలియదు. దానిని పేట పేటగా విప్పి చూపుట యీ వ్యాసమునందు మా యుద్దేశము.

ముందుగా నొక్కమాట చెప్పవలసియున్నది. ఆటలాడు ప్రతివాడును వ్యసనపరుడు కాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2019లో అంగీకరించి 2022 జనవరి 1వ తేదీనుండి అమలునకు తెచ్చిన రోగముల పట్టికలో ఆటల రుగ్మత యనునది చేర్చబడిన మాట నిజమే. కాని అందు వారు పెట్టిన గురుతులు సామాన్యమైనవి కావు. ఆటపై అదుపు తప్పవలెను. తక్కిన పనులన్నిటికంటె ఆటయే ముందు కావలెను. కీడు కలుగుచున్నదని యెరిగియు మానలేకుండవలెను. ఇదియంతయు సాధారణముగ 12 మాసములపాటు కనబడవలెను. అమెరికా మానసిక వైద్యుల కొలతను చేతబట్టి అమెరికా, బ్రిటను, కెనడా, జర్మనీ దేశముల ప్రజలను విచారించి 2017లో ప్రకటింపబడిన పరిశోధన యొకటి, సామాన్య జనులలో ఇట్టివారు నూటికొకరికి మించరని తేల్చినది. కావున సెలవుదినమున రెండు గంటలాడిన పిల్లవానిని వైద్యుని కడకు ఈడ్చుకొని పోవలసిన పనిలేదు. నిజముగ చికిత్స కావలసినవారికి బెంగుళూరులోని నిమ్హాన్సు సంస్థవారు 2014లోనే ఇందుకై ప్రత్యేక విభాగమును తెరచియున్నారు. మా ప్రశ్న ఆ నూటికొక్కనిగూర్చి కాదు. తక్కినవారిలో పెక్కుమంది, ఆరోగ్యవంతులై, బుద్ధిమంతులై యుండియు, లేవదలచిన వేళకు లేవలేకపోవుట యేల?

ఈ యాటలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1978లో ఇంగ్లండునందలి ఎసెక్సు విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్షా, రిచర్డు బార్టిల్ అను ఇరువురు విద్యార్థులు 'మడ్' అను పేర నొక యాటను కల్పించిరి. అందు బొమ్మలు లేవు, రంగులు లేవు, సంగీతము లేదు. ఎదుట గుహ యున్నదని కంప్యూటరు అక్షరములలో వ్రాసి చూపును. లోనికి పోదునని ఆటగాడును అక్షరములలోనే వ్రాయవలెను. ఇంత బీదవేషములోనున్న యాటకు సయితము జనులు అంటుకొనిపోయిరి. ఏలయన ఆ గుహలో మరియొక మనుష్యుడు కలడు. అతడును మరియొకచోట తన కంప్యూటరు ముందు కూర్చుండి వ్రాయుచున్నాడు. తెరల మెరుగులే పిల్లలను చెరచుచున్నవని పలుకువారు ఈ సంగతిని గమనింపవలెను. తరువాత 1999లో ఎవర్‌క్వెస్టు అను ఆట వచ్చెను. దాని నాడువారే దానికి 'ఎవర్‌క్రాక్' అని, కొకెయిను నుండి తీయు మత్తుపదార్థము పేరు కలిపి, ముద్దుపేరు పెట్టుకొనిరి. 2004 నవంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్టు వెలువడెను. 2010 అక్టోబరు నాటికి దాని చందాదారులు 1 కోటి 20 లక్షలు. పత్రికలు నడుపువారికి ఈ సంఖ్య చూచిన అసూయ కలుగుట సహజము.

చదరంగమున రాజు చిక్కినచో ఆట కట్టు. పులిజూదమున పులులు కదలలేనిచో ఆట ముగిసినది. ముగింపు కలిగియుండుట ఆటకు లక్షణమని మన పెద్దలు తలంచిరి. ఆట ముగిసిన పిదప పలకను గోడకు చేరవేసి ఎవరి పనికి వారు పోయిరి. ఈ క్రొత్త యాటలలో ఆ గోడ లేదు. ఆటగాడు నిద్రించుచుండగ సయితము ఆ లోకము నడచుచునే యుండును. అచ్చట సంతలు సాగును, దండులు కదలును. వార్‌క్రాఫ్టు మొదట వచ్చినపుడు అందు 60 మెట్లుండెను. అరువదవ మెట్టు నెక్కుటకే చాలమందికి మాసములు పట్టెను. ఎక్కిన పిదప తెలియవచ్చినదేమన, అసలు ఆట అక్కడనుండియే మొదలగునని. కంపెనీవారు కొంతకాలమున కొకసారి క్రొత్త ఖండమును చేర్చుదురు, మెట్లు పెంచుదురు, నిన్న ప్రాణములొడ్డి సంపాదించిన కత్తి నేటికి మొద్దువారును.

ఆ కత్తి సంపాదనలోనే మొదటి పేట యున్నది. అమెరికా మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు బి. ఎఫ్. స్కిన్నరు పావురములను పెట్టెలలోనుంచి చేసిన పరీక్షలు సుప్రసిద్ధములు. ఫెర్స్టరుతో కలిసి 1957లో ఆయన ప్రకటించిన గ్రంథమున వాని ఫలితములు కలవు. ఇన్ని పోట్లకొక గింజ యని నియమముగ నిచ్చినచో, గింజ తిన్న పిదప పావురము కొంతసేపు ఊరకుండును. ఎన్నవ పోటునకు గింజ రాలునో తెలియకుండ చేసినచో, అది విరామము లేక పొడుచుచునే యుండును. గింజలు పూర్తిగ నిలిపివేసిన తరువాతను చాలసేపు పొడుచును. వార్‌క్రాఫ్టులోని రాక్షసుడు చచ్చునపుడు ఏ వస్తువును విడిచిపోవునో ముందుగ తెలియదు. నూరుసార్లు చంపినను కోరిన వస్తువు రాకపోవచ్చును; నూటయొకటవసారి రావచ్చును. మన రాయలసీమ రైతునకు ఈ పావురము కథ ప్రత్యేకముగ చెప్పనక్కరలేదు. మొదటి బోరులో నీరు పడలేదు. రెండవదానిలో తడి కనబడినది. మూడవదానికి అప్పు చేసినాడు. మరి పది యడుగులు పోయిన జల తగులునని డ్రిల్లింగువాడు చెప్పినాడు. అతనిని సోమరియని గాని అవివేకియని గాని మన మెవ్వరమును అనము.

మెదడులో నేమి జరుగునను ప్రశ్నకు శాస్త్రజ్ఞులు కొంత బదులిచ్చిరి. బహుమానము వచ్చినప్పటికంటె, అనుకోకుండ వచ్చినపుడును, రాబోవుచున్నదను సూచన కలిగినపుడును డోపమైను అను రసాయనమును విడుచు కణములు ఎక్కువ చలించునని వుల్‌ఫ్రాం షుల్‌ట్జు మున్నగువారు 1997 నాటికే చూపిరి. ఆ మరుసటి సంవత్సరమున లండనులో ఎనమండుగురు పురుషులచేత టాంకు నడపు ఆటనాడించి, ఆట సాగుచున్నంతసేపు వారి మెదడులో ఆ రసాయనము విడుదలయగుచున్నదని కనుగొనిరి. ఇంతకంటె ఇందు మేము చెప్పవలసినది లేదు. రసాయనము పేరు తెలిసినంతమాత్రమున రహస్యము తెలిసినట్లు భ్రమపడుట ఈ కాలపు విద్యావంతులకు సహజమైన బలహీనత. కమ్మని భోజనము తలంచుకొన్నను ఆ రసాయనము కదలును.

దీనికంటె మాకు ఎక్కువ బోధకరముగ తోచినది వార్‌క్రాఫ్టు నిర్మాణకాలమున జరిగిన యొక చిన్న సంగతి. ఎడతెగక ఆడువారిని కొంత నిలువరింపవలెనని నిర్మాతలు తొలుత నొక నియమము పెట్టిరి. కొంతసేపు ఆడిన పిదప ఆటగాని సంపాదన సగమునకు తగ్గును. పరీక్షార్థము ఆడిచూచినవారు మండిపడిరి. అప్పుడు నిర్మాతలు అంకెలను మార్చలేదు, పేర్లను మార్చిరి. మొదటనున్న పూర్తి సంపాదనకు 'విశ్రాంతి బహుమానము' అని పేరుపెట్టి నూటికి రెండు వందలు అనిరి; తగ్గిన సంపాదనకు నూటికి నూరు అనిరి. ఆటను విడిచి నిద్రపోయి వచ్చినవానికి రెట్టింపు దొరకునని చాటిరి. అంతకు ముందు మండిపడినవారే సంతోషించిరి. ఒకే కొలతను నష్టమని పిలిచినచో మనుష్యుడు తిరగబడును, లాభమని పిలిచినచో చేయి చాచును. ఈ విద్యలో ఇంత నేర్పరులైనవారు మన బాలురకు ఎదుట కూర్చున్నారని తండ్రులు మరువరాదు. పదునాలుగేండ్ల బాలుని మనోబలమునకు ఒకవైపు, నూర్లకొలది ఇంజనీర్ల మనోబలమునకు మరియొకవైపు పోటీ జరుగుచున్నది.

ఇంతవరకు చెప్పినదెల్ల ఒంటరిగ ఆడుకొను ఆటలకును చెల్లును. ఒంటరి యాట యెంత రుచించినను ఎన్నడో యొకనాడు విసుగు పుట్టును. పదిమందితో కూడిన యాటలో ఆ విసుగును పుట్టనీయనిది వేరొకటి కలదు. అది తోడివాడు.

వార్‌క్రాఫ్టులో గిల్డు అనబడు సంఘములు కలవు. తొలినాళ్లలో పెద్ద గుహలపై దండెత్తుటకు 40 మంది కావలసియుండెను. అందరును ఒకే దినమున, ఒకే గంటకు, నాలుగైదు గంటల వ్యవధి చేతనుంచుకొని రావలెను. ముందు నిలిచి దెబ్బలు కాయువాడు ఒకడు. వెనుకనుండి గాయములు మాన్పువారు కొందరు. శత్రువును కొట్టువారు తక్కినవారు. గాయములు మాన్పువాడు రాకున్న ముప్పదితొమ్మండుగురి రాత్రియు వ్యర్థము. గుహలోని ధనమును వారమునకొకసారి మాత్రమే కొల్లగొట్టవచ్చును గనుక ఈ వారము తప్పిన అది తప్పినట్లే. ఇట్టి స్థితిలో "నేడు నాకు మనసు లేదు" అని చెప్పుట ఎంత కష్టమో, పెండ్లిపందిరిలో నాదస్వరము వాయించువాడు మనసు లేదని చెప్పుట ఎంత కష్టమో అంత కష్టము. ఆడువాడు ఆనందముకొరకు వచ్చుట మానివేసినాడు. మాట నిలుపుకొనుటకు వచ్చుచున్నాడు.

అంతటితో పోలేదు. దోచిన వస్తువులను పంచుకొనుటకు ఆటగాండ్రు తామే యొక లెక్కను కల్పించుకొనిరి. ఎవర్‌క్వెస్టు నాటినుండియు అది వాడుకలోనున్నది. దండునకు వచ్చిన ప్రతిసారియు కొన్ని అంకములు జమయగును. మంచి వస్తువు పడినపుడు ఆ అంకములు చెల్లించి దానిని పాడుకొనవచ్చును. మన పట్టణములలో చీటీ కట్టువారికి ఇది వెంటనే బోధపడును. పది నెలలు చీటీ కట్టి, పాట తనకు రాకముందే విడిచి పోవుట ఎవ్వనికి సాధ్యము? ఇచ్చట కట్టినది రూపాయలు కావు, రాత్రులు. ఈ హాజరుపట్టీలను పెట్టినవారు కంపెనీ ఉద్యోగులు కారనుట గమనింపదగినది. మనుష్యులు నలుగురు చేరినచోట తమకు తామే కట్టడులు చేసికొందురు. కంపెనీవారు చేయవలసినదెల్ల ఒంటరివానిచేత కానంత పెద్ద రాక్షసుని నిలుపుటయే.

మన యిండ్లలోని బాలురు ఎరిగినది వార్‌క్రాఫ్టు కాదు, పబ్జీ. 2017లో కంప్యూటర్లపైనను, 2018లో సెల్‌ఫోనులపైనను వచ్చిన ఈ యాటలో సుమారు 100 మంది విమానమునుండి ఒక ద్వీపముపైకి దుముకుదురు. అందరును ఒట్టి చేతులతో దిగుదురు. దొరకిన తుపాకిని ఏరుకొందురు. వారిచుట్టు గిరి బిగియుచు వచ్చును. కడకు మిగిలినవాడు గెలుచును. అరగంట యాట. అరగంటతో ముగియు నాట ఆటకట్టు లేనిదెట్లగునని యడుగవచ్చును. పేకలో చేయి యొకటి ఐదు నిమిషములలో ముగియును. తెల్లవారువరకు ముగియనిది పేకాట. నూరుమందిలో ఓడినవాడు తొంబదితొమ్మిదింట నొకడు గనుక ఓటమికి సిగ్గు లేదు. పదవవాడుగా చచ్చినవాడు తాను దాదాపు గెలిచినట్లే భావించును. ఈ 'దాదాపు'ను మేము తేలికగ చూడము. జూదపు యంత్రములపై త్రుటిలో తప్పిన గెలుపు, గెలుపునకు కదలెడి మెదడుభాగములనే కదలించునని కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్కు మున్నగువారు 2009లో చూపియున్నారు.

పబ్జీని ఒంటరిగ నాడవచ్చును. కాని మన బాలురు ఎక్కువగ ఆడునది నలుగురి జట్టు. చెవులకు తగిలించుకొనిన యంత్రముద్వారా నలుగురును మాటలాడుకొనుచుందురు. దెబ్బ తగిలినవాడు వెంటనే చావడు, మోకాళ్లపై ప్రాకుచుండును, కొన్ని క్షణములలో తోడివాడు వచ్చి లేవనెత్తినచో బ్రదుకును, లేనిచో పోవును. సరిగా ఆ క్షణముననే వంటయింటినుండి తల్లి పిలుచును. బాలుడు కదలడు. అన్నము చల్లారుచున్నదని ఆమె మరల పిలుచును. ఆమె కంటికి అతడు బొమ్మనొకదానిని పట్టుకొని తల్లిమాట పెడచెవిని పెట్టుచున్నాడు. అతని చెవికి, ఎదురింటి స్నేహితుడు రక్షింపుమని కేకవేయుచున్నాడు. చదరంగమును మధ్యలో నిలిపి భోజనముచేసి వచ్చి కూర్చుండవచ్చును. ఈ యాటను నిలుపుటకు మీట లేదు. నిలుపలేకపోవుట ఆటగాని దోషము కాదు, ఆట కట్టడము. అరగంట ముందుగనే "ఈ యాట కాగానే భోజనమునకు రావలెను" అని చెప్పిన తల్లికిని, మధ్యలో ఫోను లాగికొనిన తండ్రికిని ఫలితములో ఎంత భేదముండునో ఇందువలన ఊహింపవచ్చును. రెండవవాడు ఫోను మాత్రమే లాగికొనలేదు; కొడుకును స్నేహితుల యెదుట మాటతప్పినవానిగా చేసినాడు.

ఈ యాటలలో సరిజోడు కుదుర్చు విద్య యొకటి కలదు. పూర్వము కుస్తీపందెములలో ఉస్తాదులు పహిల్వానులకు జోడు చూచెడివారు. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్రాచార్యుడు అర్పాడ్ ఎలో చదరంగపు ఆటగాండ్ర బలమును అంకెలలో కొలుచు పద్ధతిని కనిపెట్టెను. 1970లో అంతర్జాతీయ చదరంగ సంఘము దానిని స్వీకరించెను. ఆ పద్ధతియు దాని సంతతియు నేడు ఆన్‌లైను ఆటలకు ఉస్తాదులు. ఇరువైపుల బలము సమానముగ నుండునట్లు జోడు కుదుర్చుటచే ఎంత నేర్చినవాడైనను సుమారు సగము గెలుచును, సగము ఓడును. నేర్పు పెరిగినకొలది ఎదుటివాడును పెరుగును. గెలుపు అలవాటై విసుగు పుట్టునంతవరకు పోనీయదు. ఓటమి వరుసగా వచ్చి నిరాశ కలుగునంతవరకును పోనీయదు. ఇంతవరకు న్యాయమే. కాని 2017లో ఎలక్ట్రానిక్ ఆర్ట్సు కంపెనీ ఉద్యోగులును, విశ్వవిద్యాలయముల పరిశోధకులును కలిసి ప్రకటించిన పత్రము నొకదానిని చూడుడు. సమబలము గల జోడు ఎల్లప్పుడు ఉత్తమము కాదనియు, ఆటగాడు ఆటను విడిచిపోకుండునట్టి జోడును వెదకవలెననియు అందు ప్రతిపాదించిరి. ఆ సంవత్సరమే ఆక్టివిజను కంపెనీకి అమెరికాలో మంజూరైన పేటెంటు మరియొకటి కలదు. కొనుగోళ్లకు ప్రోత్సాహము కలుగునట్లుగ ఆటగాండ్రను జతపరచుట దాని విషయము. మంచి సామగ్రి కొన్న నిపుణుని ఎదుట క్రొత్తవానిని నిలుపుట అందు చెప్పిన ఉపాయములలో నొకటి. తాము దానిని ఏ యాటయందును వాడలేదని ఆ కంపెనీ చెప్పినది. కానిండు. ఎదుటి ఆటగాడు సయితము ఎరగా వాడదగిన వస్తువేయను తలంపు పుట్టి, కాగితముపైకెక్కి, ముద్ర వేయించుకొనినది.

సంస్కృతము చదివినవారు ధర్మరాజు జూదమును వెంటనే స్మరింతురు. మాకు అంతకంటె ప్రాచీనమైనదియు, ఈ విషయమునకు దగ్గరయైనదియు ఋగ్వేదము పదవ మండలమునందలి అక్షసూక్తముగ తోచుచున్నది. అందలి జూదరి ఇల్లు పోగొట్టుకొనినవాడు, ఆలికి దూరమైనవాడు. ఇక ఆడరాదని సంకల్పించుకొనును. అతని సంకల్పమును భంగపరచునది ధనాశ యని మన మనుకొందుము. కాని సూక్తకర్త మొదట చెప్పినది వేరు: స్నేహితులు జూదశాలకు పోవుచున్నారు, తాను వెనుక మిగిలిపోవుచున్నాడు. పిదపనే పాచికల చప్పుడు వినబడును. ఆనాటి ఋషి చూచినదానిని, వేలకొలది ఆటగాండ్రను ప్రశ్నించిన అమెరికా పరిశోధకుడు నిక్ యీ అంకెలలో చూచెను. సుమారు 3,000 మంది బదుళ్లను పరిశీలించి 2006లో ఆయన ప్రకటించిన వ్యాసమున, ఆడుటకు గల ప్రేరణలు మూడు తెగలుగా తేలినవి: సాధింపవలెనను కోరిక, సాంగత్యము, ఆ లోకమున లీనమగుట.

సాంగత్యము చెడ్డదని మేమెట్లు చెప్పగలము? కండరములు క్రమముగ క్షీణించు వ్యాధిచే చక్రముల కుర్చీకి పరిమితుడైన నార్వే యువకుడొకడు 2014లో ఇరువదియైదవ యేట మరణించెను. కొడుకు స్నేహమనునది యెరుగక, ఏకాకియై, ఆటలో జీవితమును గడపినాడని తలిదండ్రులు దుఃఖించిరి. అతని మరణవార్తను ప్రకటింపగానే వారెన్నడును చూడని మనుష్యులనుండి లేఖలు వెల్లువగ వచ్చినవి. వార్‌క్రాఫ్టులో ఇబెలిన్ అను పేర అతడు ఒకరి బిడ్డకును తల్లికిని నడుమ మాటలు కలిపినాడు, మరియొకరిని దుఃఖమునుండి లేవనెత్తినాడు. పరదేశములనుండి కొందరు అంత్యక్రియలకు వచ్చిరి. అతని కథ 2024లో చలనచిత్రముగ లోకమునకు తెలిసినది. ఆ తండ్రి "ఏమున్నది అందులో?" అని అడిగియుండెను. ఎవరున్నారని అడిగియుండిన, కొడుకు బ్రదికియున్నపుడే బదులు దొరకియుండెడిది.

ఈ త్రాటి రెండవ కొసను పట్టుకొనినవారు ఎవరు? తొలినాళ్లలో మాసచందా చెల్లించి ఆడెడివారు. చెల్లించినవాడు ఎంతసేపు ఆడినను కంపెనీకి వచ్చునది యొక్కటే. సెల్‌ఫోను ఆటలు చాలవరకు ఉచితములు. ఉచితమైన వస్తువులో లాభము తీయవలెనన్న, ఆటగాడు ప్రతిదినము రావలెను. అందుకై దినదినము హాజరైనవానికి చిన్న కానుక; ఏడవనాడు పెద్ద కానుక; ఒకనాడు తప్పిన మరల మొదటినుండి. కొన్ని వారములలో ముగియు 'సీజను' అను గడువు. ఆ గడువులోపల డబ్బు చెల్లించి, ఆడి, మెట్లెక్కిన కాని రాని దుస్తులు. ఆ దుస్తులు గెలుపునకు ఉపకరింపవు. అవి తోడివారికి చూపుటకు మాత్రమే. చూచువారు లేనిచో వానికి దమ్మిడీ విలువ లేదు. కనుక స్నేహితుడు లేనిదే అమ్మకము లేదు. ఫోర్టునైటు ఆటను నడుపు ఎపిక్ గేమ్సు కంపెనీ, పిల్లల సమాచారమును సంగ్రహించిన నేరమునకును, మీటల అమరికచే మభ్యపెట్టి కొనిపించిన నేరమునకును కలిపి 52 కోట్ల డాలర్లు చెల్లించుటకు 2022 డిసెంబరులో అమెరికా ఫెడరలు ట్రేడు కమిషనుతో ఒప్పుకొనినది. అందు 24 కోట్ల 50 లక్షలు కొనుగోలుదారులకు తిరిగి యిచ్చుటకు.

ప్రభుత్వములు చేసిన ప్రయత్నములు గంటలను గూర్చియో, డబ్బును గూర్చియో సాగినవి. దక్షిణ కొరియా 2011లో పదునారేండ్లలోపువారిని అర్ధరాత్రి మొదలు ఉదయము ఆరు గంటలవరకు ఆటలనుండి వెలివేసినది. పదేండ్లు చూచి 2022 ఆరంభముతో ఆ నియమమును తీసివేసినది. చైనా 2021లో పదునెనిమిదేండ్లలోపువారికి శుక్ర, శని, ఆదివారములందును సెలవుదినములందును రాత్రి 8 మొదలు 9 వరకు ఒక్క గంటయే విధించినది. మన దేశమున పబ్జీని 2020 సెప్టెంబరు 2వ తేదీన నిషేధించిరి. దానికి కారణము వ్యసనము కాదు, దేశభద్రత. 2021 జూలైలో అదే యాట బాటిల్‌గ్రౌండ్సు మొబైల్ ఇండియా అను పేర మరల వచ్చెను. 2022లో మరల ఆగెను. 2023లో మరల వచ్చెను. ఇంత రాకపోకలలో ఆట పేరు మారినది గాని నలుగురి జట్టునకు కావలసిన స్థలమును గూర్చి ఎవ్వరును ఆలోచింపలేదు. డబ్బు పందెముతో ఆడు రమ్మీ మొదలగువానిని తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను నిషేధించినవి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని చట్టము చేసినది. ఈ చట్టములను మేము హృదయపూర్వకముగ ఆమోదించితిమి. పంటడబ్బు రాత్రికి రాత్రి పోగొట్టుకొని ప్రాణములు తీసికొనినవారి యిండ్లు ఆమోదింపక మానవు. కాని పందెము లేని యాట ఈ చట్టమునకు నిర్దోషి. డబ్బును దోచుకొనునదానిని పట్టుకొంటిమి. రాత్రులను దోచుకొనునది ఇంకను విడిగనే యున్నది.

గంటలు లెక్కించు చట్టమునకంటె, ఆట కట్టడమును ప్రశ్నించు చట్టము కావలెనని మా యభిప్రాయము. ఒకనాడు తప్పిన మొదటికి తెచ్చెడి హాజరు కానుకలు పిల్లలకు పెట్టరాదని చెప్పవచ్చును. ఎదుటివానిని ఏ లెక్కపై జోడుగ నిలుపుచున్నారో ప్రకటింపుమని అడుగవచ్చును. మందుసీసాపై దినుసులు వ్రాయించుచున్నాము. ఇది వ్రాయించుట అసాధ్యము కాదు.

ఇక మన వంతు. ఉదయము ఐదింటికి లేపి రాత్రి పదింటివరకు పరీక్షలకు తోమెడి ఇంటర్మీడియటు చదువులలో మన బాలునికి తోటివానితో పది నిమిషములు ఊరక కూర్చుండు వేళ లేదు. పలు కళాశాలలు మేడలపైనున్నవి; క్రింద మైదానము లేదు. పదిమందితో కలిసి యొక పనిని సాధించుట, తన వంతు తాను మోయుట, పడినవానిని లేపుట, ఇవి ఆ వయసున ఆకలివంటివి. ఆ యాకలిని ఎక్కడ తీర్చుకొనుమని చెప్పుచున్నాము? క్లబ్బులలో తెల్లవారువరకు పేకాడుచు, చేయి తక్కువ పడునని లేవలేకపోయిన పెద్దలకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. మునిసిపాలిటీలవారు తమ తమ పట్టణములలో సాయంకాలము పిల్లలకు తెరచియుంచిన మైదానములెన్ని, ఫంక్షనులకు అద్దెకిచ్చినవెన్ని, తాళము వేసియున్నవెన్ని అను లెక్కను వచ్చు బడ్జెటు సమావేశములోపల ప్రకటింపవలెనని కోరుచున్నాము. ఇంటర్మీడియటు బోర్డువారును, మైదానము లేని కళాశాలలకు ఏ నిబంధనపై అనుమతినిచ్చుచున్నారో ప్రజలకు తెలుపవలసియున్నది.